ఆరుకు మారే లెక్క

ఆ తప్పు జవాబు మొదటిసారి సువార్త ఇంట్లోనే బయటపడింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె కూతురు జెమీమా సోఫా మీద బోర్లా పడుకుని ట్యాబులో ప్రశ్నలకు జవాబులు రాస్తోంది. ఆ పిల్లకు పదేళ్లు. ప్రశ్నలు అడుగుతున్నది ‘జాడ’. ఒంగోలులోని ఒక చిన్న పరిశోధన కేంద్రంలో సువార్త, ఇంకో అయిదుగురు కలిసి నాలుగేళ్లు తలలు బద్దలు కొట్టుకుని తయారుచేసిన ప్రోగ్రాము అది. ఇంకో పది రోజుల్లో జిల్లాలో అరవై రెండు బళ్లకు వెళ్లాలి. పంపేముందు ఇంట్లో పిల్ల మీద ఒకసారి చూద్దామని తెచ్చిందామె.

“3.4కు 1.4 కలిపితే ఎంత?” అని అడిగింది జాడ.

జెమీమా క్షణం కూడా ఆలోచించకుండా 5.2 అని రాసింది.

మామూలు పరీక్షలో అయితే అక్కడ ఎర్రగీత పడి పని అయిపోతుంది. జాడకు తప్పు దొరికాకే పని మొదలవుతుంది. పిల్లలు ఊరికే తప్పు రాయరు, ఏదో ఒకటి నమ్మి రాస్తారు. ఆ నమ్మకం ఏమిటో తేల్చేదాకా అది వదలదు. అందుకని రెండో ప్రశ్న వేసింది: “2.5కు 0.1 కలిపితే?” కింద నాలుగు జవాబులు ఇచ్చింది. 2.6, 2.51, 3.0, 3.5. ఆ నాలుగూ నాలుగు రకాల ఆలోచనలకు పెట్టిన వలలు. జెమీమా 3.0 మీద వేలు పెట్టింది. “సగాన్ని పాయింటు పెట్టి ఎట్లా రాస్తావు?” అన్నదానికి 0.3 అంది.

“ఎందుకో నీ మాటల్లో చెప్పు” అంది జాడ.

“ఆరు బాల్స్ అయితే ఓవర్ అయిపోద్ది కదా. సగం ఓవర్ అంటే మూడు బాల్స్” అంది జెమీమా, ఇంతమాత్రం తెలియదా అన్నట్టు.

తెర మీద ఒక వరుస వచ్చింది: ‘ఈ అమ్మాయి లెక్క పదికి మారడం లేదు, ఆరుకు మారుతోంది.’

సువార్త గరిటె పట్టుకునే వంటింట్లోంచి వచ్చి చూసి పకపకా నవ్వింది. “నీకు ఇట్లా ఎవరు చెప్పారే?”

“నువ్వే మమ్మీ. ఆ రోజు మ్యాచ్ చూసేటప్పుడు పాయింటు లెక్కలంటే ఓవర్లలాంటివే అన్నావుగా.”

అన్నది నిజమే. తను చిన్నప్పుడు తన తల్లి క్లాసులో అట్లాగే నేర్చుకుంది. సువార్త ఆ మధ్యాహ్నమే పిల్లను కూర్చోబెట్టి, స్కేలు మీద గీతలు చూపించి సరిచేసింది. పావుగంట పట్టింది. రాత్రి భోజనాల దగ్గర భర్తకు చెప్పి మరోసారి నవ్వింది. అంతటితో ఆ సంగతి మరిచిపోయింది.

మూడు వారాల తర్వాత కేంద్రంలో నస్రీన్ పిలిచింది. “మేడం, ఒకసారి ఇటు రండి.”

నస్రీన్ ఆ బృందంలో అంకెల మనిషి. అరవై రెండు బళ్లు, తొమ్మిది వేల నాలుగు వందల మంది పిల్లలు. వాళ్ల తప్పులన్నీ ఆమె తెర మీద రంగు చుక్కలుగా ఉన్నాయి. జాడ చేసే రెండో పని అప్పటికే పూర్తయింది. విషజ్వరాలు వచ్చినప్పుడు డాక్టర్లు ఏ బావి నీళ్లు తాగారని ఇంటింటికీ తిరిగి అడుగుతారు చూడండి, అట్లాంటిదే ఆ పని. పిల్లవాడు తన తప్పును వివరించేటప్పుడు వాడే మాటలు సొంతవి కావు, నేర్పినవాళ్లవి. ‘అయిపోద్ది’ అన్నారా, ‘మారిపోతుంది’ అన్నారా, ఏ ఉదాహరణ ముందు చెప్పారు, ఏది మరిచారు అన్నవన్నీ జాడ పోల్చి చూస్తుంది. ఈ మాట ఎవరు చెప్పారని అడిగి, పిల్లవాడు చెప్పిన అమ్మకో అన్నకో ట్యూషను మాస్టారుకో ఫోనులో అవే మూడు ప్రశ్నలు పంపుతుంది. వాళ్ల దగ్గర్నుంచి ఇంకా వెనక్కి పోతుంది. అట్లా పోయి పోయి, తప్పు పుట్టినచోట ఆగుతుంది.

“ఆరుకు మారే లెక్క” అంది నస్రీన్. “ఆరు వందల పదకొండు మంది. పదమూడు బళ్లు. గీతలన్నీ ఎక్కడికి పోతున్నాయో చూడండి.”

తెర మీద పసుపు గీతలు పల్లెల నుంచి పల్లెలకు, పిల్లల నుంచి తల్లులకు, తల్లుల నుంచి వెనక్కి పాకుతూ పోయాయి. ఒక ట్యూషను మాస్టారు దగ్గర కొన్ని కలిశాయి. ఇద్దరు అంగన్‌వాడీ టీచర్ల దగ్గర ఇంకొన్ని. చివరకు అన్నీ పొదిలి అవతల ఒకే చుక్కలో ఆగాయి. నల్లబండపాలెం ఉన్నత పాఠశాల, లెక్కల టీచరు, ఎం. కృపావతి.

సువార్త తెర దగ్గరకు వంగి ఆ పేరు మళ్లీ చదివింది.

“మీ అమ్మగారు కదూ?” అంది నస్రీన్.

“అవును.”

ఆ పసుపు చుక్క వెనక ఉన్న కథ సువార్తకు తెలుసు. ముప్పై ఏళ్ల కింద కృపావతికి ఆ ఊరు మొదటి పోస్టింగు. లెక్కల పీరియడు వస్తే మగపిల్లలు గోడ దూకి కంది చేలల్లో క్రికెట్ ఆడేవాళ్లు. ఆడపిల్లలు కూర్చునేవాళ్లు గానీ నోరు విప్పేవాళ్లు కాదు. ఒకరోజు ఆమె సుద్దముక్క పట్టుకుని చేనులోకే పోయింది. పలక మీద స్కోరు రాయడం మొదలుపెట్టింది. మూడు ఓవర్ల నాలుగు బంతులు, 3.4. వారం తిరిగేసరికి ఆట క్లాసులోకి వచ్చింది. ఆడపిల్లలు స్కోరు రాశారు. ఆ ఏడు పదో తరగతి లెక్కల్లో ఒక్కరు కూడా తప్పలేదు. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల ఆమెను క్రికెట్ టీచరనే పిలుస్తారు. ఆ పేరంటే ఆమెకు ఎంత గర్వమో ఇంట్లోవాళ్లకు తెలుసు.

కేంద్రానికి పెద్ద శరభయ్య గారు. ఆయన మధ్యాహ్నం వచ్చి, “సోమవారానికి మొదళ్ల జాబితా ఇవ్వాలమ్మా. డబ్బిచ్చిన విద్యాశాఖవాళ్లు అదే అడుగుతున్నారు. ఏ తప్పు ఏ టీచరు దగ్గర పుట్టిందో ఆ కాలమ్ ఒక్కటి చాలట వాళ్లకు” అన్నారు.

“దేనికి సార్?”

“చర్యలకు.”

సువార్త తన గదిలోకి పోయి పొదిలి ఫైలు పక్కన ‘సమాచారం చెడిపోయింది, మళ్లీ సేకరించాలి’ అని రాసింది. ఎంతోసేపు పట్టలేదు. ఆ అబద్ధం అంత తేలిగ్గా రాసినందుకు తర్వాత ఆమెకే ఆశ్చర్యమేసింది.

సాయంత్రం సంచీ సర్దుకుంటూ నస్రీన్ ఆమె తలుపు దగ్గర ఆగింది. “పొదిలి ఫైలు చూశాను మేడం. నేను ఎవరికీ చెప్పను. ఒక్కటే మాట. ఆ జాబితాలో ఇంకో ఆరుగురున్నారు. వాళ్లకు మన కేంద్రంలో కూతుళ్లు లేరు.”

ఆ మాట సువార్తకు వారమంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. సోమవారం జాబితా పోలేదు. ఇంకో రెండు వారాల గడువు అడిగింది. శనివారం పొద్దున్నే పొదిలి బస్సెక్కింది.

కృపావతి, భర్త దేవసహాయం పొదిలిలో ఒక అద్దె పోర్షనులో ఉంటారు. ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మ్యానుగా చేసి రిటైరయ్యాడు. అప్పటినుంచి వంట ఆయనదే. సువార్త పోయేసరికి ఆయన గోరుచిక్కుళ్లు తుంచుతున్నాడు, కృపావతి పక్కనే పేపర్లు దిద్దుతోంది.

“మా బడి ఫలితాలు ఏమయినాయే?” అంది ఆమె, కూతుర్ని చూడగానే. “పక్క మండలాలకు వచ్చినాయంట. మాకు రాలేదు.”

సువార్త ట్యాబు తెరిచి ఆమె చేతిలో పెట్టింది. పసుపు గీతలు, చుక్క, పేరు. కృపావతి కళ్లజోడు సర్దుకుని చూసింది. మొదట అర్థం కానట్టు చూసి, ఆ తర్వాత ఒక్కో గీతమీదా వేలుపెట్టి, పైనుంచి కిందికి మళ్లీ చూసింది.

“ఇది తప్పు” అంది. “నేను చెప్పా. ఓవరుకు ఆరు, లెక్కకు పది అని ప్రతిసారీ చెప్పా. బోర్డు మీద రాసి కింద గీత కూడా గీశా.”

“చెప్పే ఉంటావమ్మా.”

“ఉంటా ఏంది? చెప్పా!” ఆమె లోపలికి పోయి పాత పాఠ్య ప్రణాళిక పుస్తకం తెచ్చి తిరగేసింది. ఎర్రసిరాతో ఉంది ఆ మాట. ‘గమనిక: ఓవరుకు ఆరు, లెక్కకు పది.’ “చూడు.”

సువార్త చూసింది. “నువ్వు ఆట నలభై నిమిషాలు చెప్పావు. ఈ మాట అర నిమిషం చెప్పావు. వాళ్లకు ఆట గుర్తుండిపోయింది.”

“నీకెట్టా వచ్చింది మరి? నువ్వూ నా క్లాసులోనే గదా చదివింది.”

“నేను ఇంట్లో రెండోసారి విన్నా.”

దేవసహాయం చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. కృపావతి పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది. “ఆరు వందల పదకొండు అంటే ఇప్పుడు బళ్లల్లో ఉన్న పిల్లలేనా?” అని అడిగింది.

“ఇప్పుడున్న పిల్లలే. వాళ్ల తల్లుల్ని కలపలేదు.”

“ముప్పై ఏళ్లుగా పేపర్లు దిద్దినా, ఇన్ని పరీక్షలు పెట్టినా నాకెందుకు కనపళ్లా?”

“పరీక్షలో తప్పుకు సున్నా వేస్తాం గదమ్మా. 5.2 రాసినా 48 రాసినా సున్నా ఒకటే. పైగా కూడికలో పాయింటు తర్వాతి అంకెల మొత్తం ఆరుకు చేరకపోతే వాళ్ల జవాబు సరిపోతుంది కూడా. 3.2కు 1.3 కలిపితే 4.5 అనే రాస్తారు. మార్కులు పడతాయి.”

ఫైలు దాచిన సంగతి కూడా చెప్పేసింది. కృపావతి కూతురి వంక ఒక చూపు చూసింది. “సోమవారం ఉండు. నా క్లాసుకు రా” అంది.

సోమవారం సువార్త ఏడో తరగతిలో చివరి బెంచీ మీద కూర్చుంది. ముప్పై ఎనిమిది మంది పిల్లలు. కృపావతి బోర్డు మీద 3.4 + 1.4 అని రాసి, కింద నాలుగు జవాబులు రాసింది. 4.8, 5.2, 48, 4.08.

“కళ్లు మూసుకోండి. ఒకటో జవాబైతే ఒక వేలు, రెండోదైతే రెండు వేళ్లు. పక్కోడిది చూస్తే చెవి మెలిపెడతా. ఎత్తండి.”

చేతులు లేచాయి. రెండు వేళ్లు పదిహేడు. కృపావతి ఒక్కో చెయ్యీ లెక్కపెట్టింది. లెక్కయ్యాక ఆమె బోర్డు వైపు తిరిగింది, సువార్తకు వీపు మాత్రం కనపడింది.

“అంజనా, నువ్వు రెండు వేళ్లెత్తావు. ఎందుకమ్మా?”

రెండు జడల పిల్ల లేచింది. “నాలుగూ నాలుగూ ఎనిమిది బాల్సు టీచర్. ఆరు పోతే ఒక ఓవరు. రెండు మిగుల్తాయి. అయిదు పాయింట్ రెండు.”

“ఎంత బాగా చెప్పావు” అంది కృపావతి. “ఓవర్లయితే నీ లెక్క నూటికి నూరు పాళ్లు రైటు. ఇది ఓవర్ల లెక్క కాదు. అది చెప్పకుండా నిన్ను చెడగొట్టింది నేనే. అందరూ స్కేళ్లు తియ్యండి.”

కాగితపు ముక్కలు పంచింది. 3.4 సెంటీమీటర్లది ఒకటి, 1.4ది ఒకటి కత్తిరించమంది. ఒక సెంటీమీటరులో చిన్న గీతలెన్నో లెక్కపెట్టించింది. పక్కపక్కన అంటించి కొలవమంది. క్లాసంతా గోలగోలగా ఉంది.

“నాలుగు పాయింట్ ఎనిమిది వచ్చింది టీచర్” అన్నాడు ఒకడు. మళ్లీ కొలిచాడు. “స్కేలు మంచిది కాదేమో.”

పిల్లలు నవ్వారు. కృపావతి నవ్వలేదు. వాడి పక్కన కూర్చుని, “నీకెందుకు నమ్మబుద్ధి కావట్లేదో చెప్పు” అని అడిగింది. వాడు చెప్పేదాకా విన్నది. గంట కొట్టేసరికి కళ్లు మూసుకుని మళ్లీ వేళ్లెత్తించింది. వేరే అంకెలు ఇచ్చింది. రెండు వేళ్లు మూడే లేచాయి.

బయటికి వచ్చాక వేపచెట్టు కింద ఆగి, “ఇంత తేలిక” అంది. “ఒక్క ప్రశ్న సరిగ్గా అడిగుంటే.” ఆ వెంటనే, “పెద్దవాళ్లు కూడా జవాబులు పంపారన్నావు గదా. వాళ్ల పేర్లు చూపించు” అంది.

తల్లులు, తండ్రులు నూట ఎనభై మంది దాకా ఉన్నారు. ఒకామె మాత్రం మూడు ప్రశ్నలకు జవాబులు రాసి, చివర వివరణ రాసేచోట ఇంకో మాట రాసింది: ‘ఇది అప్పుడే ఎవరైనా అడిగుంటే బాగుండేది.’ పేరు బత్తుల కోటేశ్వరి. అక్క కూతురికి లెక్కలు చెబుతుందట.

“కోటేశ్వరేనా?” కృపావతి ఒక్కసారిగా తలెత్తింది. “క్లాసు ఫస్టు ఆ పిల్ల. నర్సింగులో చేరింది. ఈపాటికి ఏ పెద్దాస్పత్రిలోనో ఉండాలే.”

కోటేశ్వరి పెద్దాస్పత్రిలో లేదు. కొండపి వైపు ఒక పొగాకు గోడౌనులో ఉంది. బుధవారం తల్లీకూతుళ్లు పోయేసరికి యాభై మంది ఆడవాళ్ల మధ్య కూర్చుని ఆకును రంగును బట్టి వేరుచేస్తోంది. ఘాటు వాసనకు సువార్తకు దగ్గొచ్చింది. కోటేశ్వరి టీచర్ని చూడగానే లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, వాచ్‌మన్ దగ్గర్నుంచి రెండు కుర్చీలు లాక్కొచ్చింది.

“మీరొచ్చారేంది టీచర్! కబురు పెడితే నేనే వద్దునుగా. అక్కా, మీరూ కూర్చోండి.”

సోడాలు తెప్పించింది. ఊళ్లో సంగతులు అడిగింది. అసలు సంగతి కృపావతి కదిలిస్తేగానీ రాలేదు.

“రెండో సంవత్సరంలో మందు లెక్కల పరీక్ష టీచర్. మూడుసార్లు రాశా, మూడుసార్లూ పోయింది. 1.4కు 0.4 కలిపితే 2.2 అని రాశా. అర మిల్లీ అంటే 0.3 అని రాశా. ఎర్రసిరాతో సున్నా చుట్టారు. ఎందుకో ఎవరూ అనలా. నేనూ అడగలా.”

“ఎందుకడగలేదే?”

“మీ దగ్గర ఫస్టు వచ్చిందాన్ని గదా. సిగ్గేసింది. అక్కడికొచ్చాక బుర్ర పనిచెయ్యట్లేదేమో అనుకున్నా. మా నాన్న కూడా అదే అన్నాడు. ఇంటికొచ్చేశా.”

కృపావతి ఆమె చెయ్యి పట్టుకుంది. పొగాకు జిగురుతో ఆ వేళ్లు నల్లగా ఉన్నాయి. “తప్పు నాదే కోటేశ్వరీ. నేను చెప్పిన ఓవర్ల పాఠం అది.”

కోటేశ్వరి చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అట్లాగని ‘ఫర్వాలేదు టీచర్’ అని కూడా అనలేదు. ఆకు కట్టల వైపు చూస్తూ కూర్చుంది.

“ఫోనులో ఆ మూడు ప్రశ్నలు వచ్చిన రోజు నేను ఏడ్చా” అంది చివరికి. “నా బుర్రలో లోపం కాదని తెలిసింది గదా. అంతవరకు మేలే. మీ మీద కోపం కూడా లేదు, ఆ ఓవర్ల పాఠం లేకపోతే నేను బడికే రాకపోదును. కానీ టీచర్, నాకిప్పుడు ముప్పై నాలుగు.”

మేస్త్రీ గద్దిస్తే కోటేశ్వరి లేచి తన వరుసలోకి పోయింది.

బస్సులో కృపావతి కిటికీ పక్కన కూర్చుంది. ఒంగోలులో దిగేముందు, “ఆ ఫైలు చెడిపోలేదని రాయి” అంది. “మీ సోమవారం మీటింగుకు నేనూ వస్తా.”

మీటింగులో విద్యాశాఖ ప్రత్యేకాధికారి రంగనాయకులు జాబితా ముందు పెట్టుకున్నారు. ఏడుగురు టీచర్లు, ఏడు తప్పులు, పద్నాలుగు వందల మంది పిల్లలు. మర్యాదస్తుడే. గొంతు పెంచకుండా, ఈ ఏడుగురినీ ఆరు నెలలు క్లాసుల నుంచి తప్పించి శిక్షణకు పంపుతున్నామని, పేర్లు మండల కార్యాలయాల్లో పెడతామని చెప్పారు. ఇకనుంచి ఏటా ఇట్లాగే చేస్తామన్నారు.

“సార్, ఆ ఏడో పేరు నాది” అంది కృపావతి.

ఆయన తలెత్తి చూశారు. శరభయ్య గారు ఇబ్బందిగా కదిలారు.

“నా పేరు తియ్యమని రాలేదు. తప్పు నాదే, శిక్షణకు పోతా. కానీ ఆ కాయితం ముందు మాకు చూపించాల్సింది సార్. జ్వరమొచ్చినవాడి రిపోర్టు ముందు వాడి చేతికిస్తారా, ఇంటి ఓనరుకిస్తారా? నాకు శనివారం తెలిసింది, సోమవారం క్లాసులో అడిగా. గంటలో పద్నాలుగు మందికి సరయింది. మీ చేతికి ముందొస్తే ఏమయ్యుండేది? నన్ను పంపించేసేవాళ్లు. పిల్లలు అట్టాగే ఉండేవాళ్లు.”

“మీరన్నది ఆలోచించదగిందే మేడం” అన్నారు రంగనాయకులు. “కానీ ఉత్తర్వులు అయిపోయాయి.”

ఉత్తర్వుల ప్రకారమే జరిగింది. కృపావతి యాభై తొమ్మిదేళ్ల వయసులో తన కూతురి వయసున్నవాళ్లతో కలిసి శిక్షణ తరగతిలో కూర్చుంది. జాబితాలో ఉన్న గిద్దలూరు వైపు మాస్టారు ఒకాయనకు రిటైర్మెంటు మూడు నెలల్లో ఉంది. మండల కార్యాలయంలో తన పేరు చూసుకున్న రోజునే సెలవు పెట్టి, మళ్లీ బడి గడప తొక్కలేదు. ఆయనకు పిల్లలు వీడ్కోలు సభ చేద్దామనుకుంటే, ఎవరొచ్చినా తలుపు తియ్యలేదట. కొన్ని బళ్లల్లో టీచర్లు పిల్లలకు జవాబులు ముందే చెప్పి జాడ ముందు కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. తప్పులు తగ్గిపోయాయి. జాడకు దొరకడానికి ఏమీ మిగల్లేదు.

ఆ అంకెలు చూసిన రోజున సువార్త శరభయ్య గారి గదిలోకి పోయింది.

“మొదలు కాలమ్ తీసేస్తున్నాను సార్.”

“అది తీసేస్తే వాళ్లు మనతో ఉండరమ్మా. ఆరుగురి ఉద్యోగాలు.”

“ఉంచితే మనం చేసిన పనికి అర్థం లేదు.”

ఆయన బల్ల మీద పెన్ను తిప్పుతూ, “నీ ఇష్టం” అన్నారు.

శాఖ ఒప్పందం రద్దయింది. నలుగురు వేరే ఉద్యోగాలు చూసుకుని వెళ్లిపోయారు. సువార్త, నస్రీన్ ఒక గదిలో మిగిలారు. సగం జీతం. తల్లికి ఈ సంగతి ఫోనులో చెబితే మెచ్చుకుంటుందనుకుంది. కృపావతి మండిపడింది.

“తీసేసినావా? నీకేమన్నా మతిపోయిందా? అది లేకపోతే నాకు కోటేశ్వరి సంగతి తెలిసేదా? ఎవరికి చూపించాలన్నది మార్చమన్నా గానీ కళ్లు పొడిచెయ్యమన్లా!”

సువార్త, నస్రీన్ మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి జాడ వెనక్కి పోయి తప్పు పుట్టినచోటు కనుక్కున్నాక, ఆ సంగతి ఆ టీచరు ఫోనుకు మాత్రమే పోతుంది. ఇంకెవరికీ పోదు, తయారుచేసినవాళ్లకు కూడా. అట్లాంటిదాన్ని కొనడానికి ఏ ఆఫీసూ రాలేదు. టీచర్లు మాత్రం ఒకరి దగ్గర విని ఒకరు అడిగి పెట్టించుకున్నారు. మొదటి ఏడాది నలభై ముగ్గురు. ఎవరికి ఏం తెలిసిందో సువార్తకు తెలియదు. ఒకసారి మాత్రం దర్శి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, పేరు చెప్పకుండా, “నా భిన్నాల పాఠం మార్చానమ్మా” అని పెట్టేశాడు.

కోటేశ్వరి నర్సింగుకు తిరిగి పోలేదు. గోడౌనులో తూకం చీటీలు రాసే పని అడిగి తీసుకుంది. ఆ పని అంతకుముందు ఎప్పుడూ అడగడానికి భయపడిందట.

కృపావతి శిక్షణ ముగించుకుని బడికి వచ్చింది. శనివారం మధ్యాహ్నాలు మాత్రం బడి అయిపోగానే పాత హాజరు పట్టీలు సంచిలో వేసుకుని పల్లెలకు బయల్దేరేది. ఫోనులో అడిగితే సిగ్గుపడతారని ఇంటికే పోయేది. పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లను, ఆటోవాళ్లను, కిరాణాకొట్లవాళ్లను కూర్చోబెట్టి మూడు ప్రశ్నలడిగేది. కొందరు నవ్వేవాళ్లు. కొందరికి విసుగు. అయినా మంచినీళ్లు ఇవ్వనివాళ్లు ఎవరూ లేరు.

ఆ చలికాలం ఒక శనివారం సువార్త కూడా తోడెళ్లింది. పొదిలి బస్టాండులో తల్లీకూతుళ్లు సిమెంటు బల్ల మీద కూర్చుని బస్సు కోసం చూస్తున్నారు. కృపావతి పట్టీలో పేర్ల పక్కన టిక్కులు పెట్టుకుంటూ, ఉన్నట్టుండి అడిగింది.

“నేను ముప్పై ఏళ్లలో ఒక్క దశాంశాలే చెప్పలేదు గదా. త్రిభుజాలు చెప్పా, బీజగణితం చెప్పా. అవి సరిగ్గానే చెప్పుంటా. అవి ఎవరెవరి దగ్గరికి పోయినాయో, వాళ్ల పిల్లల దగ్గరికేమన్నా పోయినాయో నీ జాడ చెబుతుందా?”

సువార్త ఈ ప్రశ్న ఎప్పుడూ అనుకోలేదు. నస్రీన్ కూడా అనుకోలేదు.

“చెప్పలేదమ్మా. తప్పయితే ఒక్కొక్కరి తప్పు ఒక్కో రకంగా ఉంటుంది, గుర్తుపట్టొచ్చు. సరైన జవాబు ఎవరు నేర్పినా ఒకటే. 4.8 అని రాసిన పిల్లవాడు నీ దగ్గర నేర్చుకున్నాడో ఇంకెవరి దగ్గర నేర్చుకున్నాడో దానికి తెలియదు.”

“అసలు ఎట్టా అడిగినా తెలియదా?”

“తెలియదు.”

కృపావతి కలం మూసి సంచిలో పెట్టుకుంది. బస్టాండులో ఆ వేళకు జనం బాగానే ఉన్నారు. చిట్టా పట్టుకుని కండక్టరొకడు కేకలేస్తున్నాడు. పండ్ల బండి దగ్గర ఒకామె తూకం రాళ్లు మారుస్తోంది. చంటిపిల్లనెత్తుకున్న ఒక తండ్రి బోర్డు మీద టైము చూసి, ఇంకా ఎంతసేపో వేళ్ల మీద లెక్క వేసుకుంటున్నాడు. కృపావతి వాళ్లందరినీ ఒక్కొక్కరినే చూసుకుంటూ పోయింది. ముఖాలు గుర్తుపట్టడానికి చూస్తున్నట్టుంది. ఒక్కరూ గుర్తురాలేదేమో, ఎవర్నీ పలకరించలేదు.

కనిగిరి బస్సు వచ్చింది. “లే, సీట్లు దొరకవు” అంటూ ఆమె పట్టీల సంచి భుజాన వేసుకుని ముందు నడిచింది.